‘డౌట్’ అంటే అవునా, కాదా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలోనే చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మా క్లయింట్లు ఇంగ్లండ్ వాళ్లు. ఈమధ్య ఒకరోజు డ్యూటీకి రాగానే లాగ్స్ చూస్తే రాత్రి బ్యాకప్ సరిగ్గా పూర్తయినట్టు అనిపించలేదు. వెంటనే ‘ఐ డౌట్ దట్ ది బ్యాకప్ ఫెయిల్డ్ లాస్ట్ నైట్’ అని క్లయింట్‌కి మెయిల్ పెట్టాను. వాళ్లు ‘థ్యాంక్స్, గుడ్ టు నో’ అని జవాబిచ్చి ఊరుకున్నారు. తర్వాత ఆ బ్యాకప్ అవసరం పడి చూస్తే నిజంగానే లేదు. ‘నేను ముందే చెప్పాను కదా’ అంటే, ‘ఫెయిల్ కాలేదనే కదా చెప్పావు’ అన్నారు. మా లీడ్ కూడా మెయిల్ చదివి వాళ్లు అన్నదే కరెక్ట్ అన్నారు. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. కాల్‌లో నేను ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మా టీమ్‌లోనే ఒకతను నవ్వుతాడు. ‘డౌట్ కాదు, క్వశ్చన్ అనాలి’ అని అందరి ముందూ సరిదిద్దుతాడు. ఆ టెన్షన్‌తో కాల్స్‌లో ఏదైనా అడగడమే మానేశాను. చిన్నప్పటి నుంచి వాడుతున్న మాటే తప్పయితే ఇక ఏ మాట నమ్మాలి? మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. వాడి నోట్లో రోజంతా ‘డౌట్స్’ అనే మాటే. వాడిని ఇప్పటి నుంచే మాన్పించాలా?

– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు:

అమ్మా,

మీరు ఒకే మాట గురించి అడిగాననుకున్నారు గానీ, మీ ఉత్తరంలో రెండు వేరువేరు సంగతులున్నాయి. కాల్‌లో అన్న ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ ఒకటి, మెయిల్‌లో రాసిన ‘ఐ డౌట్ దట్’ ఇంకొకటి. మొదటిదాన్ని చూసి నవ్వే మనిషి ఉన్నాడు కాబట్టి మీ మనసంతా దాని మీదే ఉంది. కానీ దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. రెండోదాన్ని చూసి ఎవరూ నవ్వలేదు, పని మాత్రం చెడింది. అందుకే ముందు మెయిల్ సంగతి చూద్దాం.

ఆ మెయిల్ రాసేటప్పుడు మీ మనసులో ఉన్న తెలుగు వాక్యం ఇది అయ్యుంటుంది: ‘నిన్న రాత్రి బ్యాకప్ ఫెయిలైందని నాకు డౌట్.’ ఏ తెలుగువాళ్లు విన్నా దీన్ని ఒకేలా అర్థం చేసుకుంటారు. ఫెయిలైనట్టే కనిపిస్తోంది, గట్టిగా చెప్పలేను, ఒకసారి చూసుకోండి అని. మీరు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దించారు. అందులో వ్యాకరణం తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు. ఇంగ్లండ్‌లో కూర్చున్న మనిషి మాత్రం దాన్ని ఇలా చదువుకున్నాడు: ‘నిన్న రాత్రి బ్యాకప్ ఫెయిలై ఉంటుందని నేననుకోను.’ అంటే అంతా బాగానే ఉంది, కంగారు పడక్కర్లేదు అని. అందుకే ‘గుడ్ టు నో’ అన్నాడు. అతను నిర్లక్ష్యం చేయలేదు, మీ మాట నమ్మే పక్కకు తిరిగాడు. మీ లీడ్ అన్నదీ క్లయింట్‌ని వెనకేసుకురావడం కాదు. ఆ వాక్యానికి ఇంగ్లీషులో ఉన్న అర్థమే అది.

ఇంగ్లీషులో ‘డౌట్’ క్రియగా వచ్చి, దాని వెనక ‘దట్’ అంటూ ఒక విషయం వస్తే, ఆ విషయాన్ని మాట్లాడేవాళ్లు నమ్మడం లేదని అర్థం. ‘ఐ డౌట్ దట్ హి విల్ కమ్’ అంటే అతను రాడనే నా లెక్క అని. చాలాసార్లు ‘దట్’ పైకి వినిపించదు కూడా. ‘ఐ డౌట్ హి విల్ కమ్’ అనేస్తారు, అర్థం అదే. ‘దట్’ బదులు ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ పెడితే కాస్త మెత్తబడి ‘వస్తాడో రాడో’ అన్నట్టు ఉంటుంది. అప్పుడు కూడా మొగ్గు ‘రాడు’ వైపే.

మరి మనకెందుకు తలకిందులుగా తోస్తుంది? ఇంగ్లీషు రాక కాదు. తెలుగులో ‘అనుమానం’ అనే మాట ఉంది కాబట్టి. మనం ‘డౌట్’ని తెచ్చుకుని ‘సందేహం’ పక్కనా ‘అనుమానం’ పక్కనా రెండు చోట్లా కూర్చోబెట్టాం. ఆ రెండూ ఒకటి కావు. తర్కశాస్త్రంలో అనుమానం అంటే ఆనవాలును బట్టి ఒక నిర్ణయానికి రావడం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తెలుసుకోవడం దానికి పాత ఉదాహరణ. తెలుగులో ఆ మాట అర్థం కొంత మారినా ఆ వాసన పోలేదు. ‘వాడే తీశాడని నా అనుమానం’ అంటే తీశాడనే వైపే మన మనసు మొగ్గుతుంది. అనుమానపు మొగుడు అంటే భార్య తప్పు చేస్తోందని నమ్మేవాడే గానీ, చేస్తోందో లేదో తేల్చుకోలేక సతమతమయ్యేవాడు కాదు. పేపర్లో ‘అనుమానితుడు’ అని రాస్తే నేరం చేసి ఉంటాడని పోలీసులు భావిస్తున్న మనిషి. వీటన్నిటికీ ఇంగ్లీషు మాట ‘సస్పెక్ట్’, ‘డౌట్’ కాదు.

సందేహం అలా కాదు. అది సరిగ్గా మధ్యలో నిలబడే మాట. తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో చెప్పిన పదహారు పదార్థాల్లో, అంటే తెలుసుకోవాల్సిన విషయాల్లో, సంశయం మూడోది. సంశయమన్నా సందేహమే. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దానికిచ్చిన ఉదాహరణ ‘స్థాణుర్వా పురుషో వా’. మసక వెలుతురులో దూరాన నిలువుగా ఏదో కనిపిస్తోంది, మోడా, మనిషా? రెండింటిలో దేనివైపూ మనసు పోదు. మన సందేహం అక్కడ ఉంది, అనుమానం ‘అవును’ వైపు ఉంది. ఇంగ్లీషు క్రియ ‘డౌట్’ ‘కాదు’ వైపు ఉంది. ఈ మూడింటినీ ఒకే తక్కెడలో వేసి సమానమనుకోవడం దగ్గరే మీ మెయిల్ దారి తప్పింది.

ఇంకా దగ్గరగా చూస్తే, మన తెలుగులో ‘డౌట్’ ఎటు మొగ్గుతుందో వాక్యమే చెబుతుంది. ‘వాడు వస్తాడని డౌట్‌గా ఉంది’ అంటే వచ్చేలా ఉన్నాడు, అన్నం ఇంకో గుప్పెడు ఎక్కువ వండమని. ‘వాడు వస్తాడో రాడో డౌట్’ అంటే మధ్యలో. ‘వాడు వచ్చేది డౌటే’ అంటే రాడని. చివర్లో చేరిన ఆ చిన్న ఏత్వంతో అర్థం అటునుంచి ఇటు వచ్చేసింది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఇవి ఎవరూ నేర్పకుండానే ఎవరూ తప్పకుండా వాడతారు. ఇంగ్లీషులో ‘ఐ డౌట్’ అన్నప్పుడు దొరికేది మాత్రం ఈ మూడోదే, ‘డౌటే’. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు: ‘ఐ డౌట్’ని మన ‘డౌటే’తోనే కలపండి, ‘అని డౌట్’తో కలపకండి.

రాసే ముందు సరిచూసుకోవడానికి ఒక తేలికైన దారి చెబుతాను. ‘ఐ డౌట్’ అని రాసిన చోట దాన్ని తీసి ‘ఐ డోంట్ థింక్’ పెట్టి చదవండి. మీరు చెప్పదలచుకున్నదే వస్తే సరే, ఉంచేయండి. తలకిందులైతే అక్కడ ఉండాల్సింది ‘ఐ సస్పెక్ట్’. మీ మెయిల్‌తోనే చేసి చూడండి. ‘ఐ డోంట్ థింక్ ది బ్యాకప్ ఫెయిల్డ్’ – మీరు అనదలచుకున్నది ఇది కాదు కదా? కాబట్టి ‘ఐ సస్పెక్ట్ ది బ్యాకప్ ఫెయిల్డ్ లాస్ట్ నైట్’ అని ఉండాల్సింది. ‘సస్పెక్ట్’ అంటే నేరాల మాటలా వినిపిస్తుందని మనవాళ్లు జంకుతారు. మనుషుల మీద వాడితే నిజమే, జాగ్రత్తగా ఉండాలి. యంత్రాల మీద, సర్వర్ల మీద, జబ్బుల మీద నిక్షేపంగా వాడొచ్చు. జ్వరంతో వెళితే డాక్టరు ‘ఐ సస్పెక్ట్ డెంగ్యూ’ అంటారు. అది ఎవరి మీదా నింద కాదు. ఆ మాట మీకు రుచించకపోతే ‘ఇట్ లుక్స్ లైక్ ది బ్యాకప్ ఫెయిల్డ్’ అనండి, ఇంకా తేట.

మీ ఉద్యోగానికి సంబంధించి ఇంకో మాట. ఇలాంటి మెయిల్‌లో మీ ఊహ ఒక్కటే రాసి ఆపకండి. ఏం చూసి అలా అనిపించిందో, వాళ్లు ఏం చేయాలో కూడా రాయండి. లాగ్‌లో చివరి లైన్ ఎక్కడ ఆగిందో ఒక వాక్యం, ‘కుడ్ యూ ప్లీజ్ చెక్ అండ్ కన్ఫర్మ్?’ అని ఇంకో వాక్యం. ఈ రెండూ ఉండి ఉంటే ‘డౌట్’ ఎటు పడినా వాళ్లు బ్యాకప్ తెరిచి చూసేవాళ్లు. ఒక్క మాట మీద ఇంత బరువు పడకుండా కాపాడేది ఆ చుట్టుపక్కల వాక్యాలే. మీ లీడ్‌తో కూడా ఈ సంగతి ఒకసారి మాట్లాడండి. చూసీ చెప్పకుండా ఊరుకున్నారని కాదు, చూశారు, చెప్పారు, ఒక క్రియ దగ్గర అర్థం తిరగబడింది అని ఆయనకు తెలియాలి. మీ టీమ్‌లో ఇదే వాక్యం రాసేవాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

మీకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. మీరు వాడిన అర్థం ఇంగ్లీషులో అసలు లేనిదేమీ కాదు. ఒకప్పుడు ఉండేది. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఈ మాటకు భయపడటం అనే అర్థం కూడా ఉండేది. ‘అలా అయిందేమోనని భయంగా ఉంది’ అనడానికి ‘ఐ డౌట్’ అనేవారు. షేక్స్‌పియర్ నాటకంలో హామ్లెట్, తండ్రి ప్రేతం కనిపించిందని విన్నాక ‘ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే’ అంటాడు. ఏదో మోసం జరిగిందని నా అనుమానం అని. సరిగ్గా మీ మెయిల్ వాక్యమే. స్కాట్లండ్‌లో ఇప్పటికీ పాత పద్ధతిలో మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లు ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన వచ్చేలా ఉంది, గొడుగు తీసుకో అని. అదే మాట లండన్‌లో అంటే వాన రాదులే, గొడుగెందుకు అని. ఒకే దేశంలో ఉన్నవాళ్లకే ఇంత తేడా ఉంటే, మీకు తేడా రావడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

అసలు ఈ మాట మూలంలోనే ‘రెండు’ ఉంది. లాటిన్‌లో ‘దుబితారే’ అంటే రెండు వైపులా ఊగడం. అందులో ఉన్నది రెండు అనే అర్థమిచ్చే ‘దువో’. మన ‘ద్వి’కి అది దూరపు చుట్టం. జర్మన్‌లో సందేహాన్ని ‘త్స్వైఫెల్’ అంటారు, అందులోనూ ‘త్స్వై’ అంటే రెండే. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో పలకని ‘బి’ అక్షరం ఉందే, అది కూడా లాటిన్ మీద గౌరవంతో పండితులు తర్వాత ఇరికించిందే. ముందు లేదు. అందుకే దాన్ని ఎవరూ పలకరు.

ఇక కాల్‌లో అడిగే ‘డౌట్’ సంగతికి వద్దాం.

‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అని మీరు ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలుసు, మనందరం నేర్చుకున్నది అక్కడే. ఇంటర్ కాలేజీ స్టడీ అవర్ తలచుకోండి. గది చివర టేబుల్ దగ్గర ఒక సార్ కూర్చుని ఉంటారు. ఆయన పాఠం చెప్పే సార్ కాదు, డౌట్లు చెప్పే సార్. పిల్లలు ఒక్కొక్కరే నోట్‌బుక్ పట్టుకుని వచ్చి, పెన్నుతో చుట్టిన లెక్క మీద వేలు పెట్టి ‘సార్, ఈ సమ్ డౌట్’ అంటారు. ఆయన మార్జిన్‌లో రెండు లైన్లు వేసి పంపిస్తారు. అక్కడ ‘డౌట్’ అంటే తెలియని చోటు. సార్ చెప్పింది నమ్మకపోవడం కాదు. మన దేశంలో ఏ మూల క్లాస్‌రూమ్‌కి వెళ్లినా ఇదే అర్థం. కోచింగ్ సెంటర్లలో టైమ్‌టేబుల్ మీదే ‘డౌట్ సెషన్’ అని అచ్చు వేస్తారు. కోట్లమంది ఇన్నేళ్లుగా ఒకే అర్థంలో వాడుతున్న మాటను తప్పు అని కొట్టేయడం నాకు న్యాయంగా తోచదు. అది భారతీయ ఇంగ్లీషు. మనలో మనకు అది సరిగ్గానే అందుతుంది. స్పానిష్, పోర్చుగీసు మాట్లాడేవాళ్లు కూడా తమ భాషలో ఏదైనా అడగాలంటే ‘నాకొక సందేహం ఉంది’ అనే అంటారు. ఆ అలవాటుతో ఇంగ్లీషులో వాళ్లూ మనలాగే అంటుంటారు.

కాబట్టి హైదరాబాద్‌లో మీ టీమ్‌లో మీరు ‘డౌట్’ అంటే ఏ తప్పూ లేదు. క్లయింట్ కాల్‌లో మాత్రం మార్చుకోమంటాను. నవ్వుతారని కాదు, వినేవాళ్ల చెవిలో అది వేరే మాటగా పడుతుంది కాబట్టి. ఒక పద్ధతి గురించి పది నిమిషాలు వివరించిన ఇంగ్లండ్ మనిషికి ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అని వినిపిస్తే, ‘మీరు చెప్పింది నాకు సమ్మతంగా లేదు’ అన్నట్టు ఉంటుంది. బహువచనంలో ఇంకా ఘాటు. ‘ఐ హ్యావ్ మై డౌట్స్’ అంటే ఇది జరిగే పని కాదని మర్యాదగా చెప్పడం. మీరేమో అర్థం కాని చోటు చెప్పించుకుందామని అడుగుతారు, అతనేమో తన ప్లాన్‌ను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. చివరికి మీకు కావాల్సింది మీకు దొరకదు.

విదేశాల్లో ఉంటున్న మనవాళ్లకు ఇది ఆసుపత్రిలో ఎక్కువ ఎదురవుతుంది. మందు ఎన్నిసార్లు వేసుకోవాలో కనుక్కుందామని ‘ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ దిస్ మెడిసిన్’ అంటే, ఈ మందు పనిచేస్తుందన్న నమ్మకం పేషెంటుకు లేదని డాక్టరు అనుకునే వీలుంది. అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన పెద్దవాళ్లు తమ ఇంగ్లీషుతో తాము నెట్టుకొచ్చేటప్పుడు ఇలాంటి చోటే తడబడతారు. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్ అబౌట్ దిస్ మెడిసిన్’ అన్నారంటే డాక్టరు పెన్ను పక్కన పెట్టి వింటారు.

మనుషుల మీద వాడేటప్పుడూ తేడా ఉంది. ‘మా ఆయన నన్ను డౌట్ పడుతున్నాడు’ అని తెలుగులో అంటే అది కాపురం గొడవ. ‘మై హస్బెండ్ డౌట్స్ మి’ అని ఇంగ్లీషులో అంటే నా మాట నమ్మడం లేదనో, నా వల్ల అవుతుందన్న నమ్మకం అతనికి లేదనో. బాధ ఉందిగానీ ఆ బాధ వేరు. తోటి ఉద్యోగిని ఉద్దేశించి ‘ఐ డౌట్ యూ’ అని మాత్రం ఎప్పుడూ అనకండి. ‘నువ్వు చెప్పేది నమ్మను’ అని మొహం మీద అన్నట్టే.

‘నో డౌట్’ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అదీ మెయిళ్లలో మోసం చేస్తుంది. మనం ‘నో డౌట్’ అన్నామంటే నూటికి నూరు పాళ్లు అని. ఇంగ్లీషులో చాలాసార్లు అంత బలం ఉండదు. ‘నో డౌట్ యూ ఆర్ టయర్డ్’ అంటే ‘అలసిపోయి ఉంటావులే’ అని, ఊహే. వెనకాల ‘బట్’ వచ్చిందంటే ఇంకా పలచబడుతుంది, ‘నిజమే కావచ్చు గానీ’ అన్నట్టు. గట్టిగా చెప్పాలంటే ‘వితౌట్ ఎ డౌట్’ అనో ‘డెఫినిట్లీ’ అనో అనాలి. ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’తో మనకు ఇబ్బంది లేదు. అది కోర్టు వార్తల్లోనూ క్రికెట్ కామెంటరీలోనూ విని విని ఒంటపట్టిన మాట, నేరం రుజువు కాకపోతే ముద్దాయికి, అవుటో కాదో తేలకపోతే బ్యాట్స్‌మన్‌కి. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఇళ్లలో కూడా వాడతారు. ట్రాఫిక్ వల్ల లేటైందని పనిమనిషి చెబితే, నిజమో కాదో తెలియకపోయినా నిజమే అనుకోవడం ఆమెకు బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇవ్వడం.

సరే, కాల్‌లో ఏమనాలి? ‘క్వశ్చన్’ ఒక్కటే దారి కాదు. ఏం కావాలో దాన్ని బట్టి మాట మారుతుంది. ఏమీ తెలియక అడుగుతుంటే ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’. సగం అర్థమై సగం కాకపోతే ‘ఐ యామ్ నాట్ క్లియర్ అబౌట్’ అని మొదలుపెట్టి ఆ చోటు పేరు చెప్పండి. మీకు అర్థమైంది సరైనదో కాదో చూసుకోవాలంటే ‘కెన్ ఐ జస్ట్ చెక్ వన్ థింగ్?’ అనండి. సపోర్ట్ పనిలో ఉన్నవాళ్లకు ఇది అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది. నిజంగానే వాళ్లు చెప్పింది కుదరదని మీకు అనిపిస్తే, అప్పుడు వాడండి ‘డౌట్’ని, దాని అసలు అర్థంలో: ‘ఐ డౌట్ ఇఫ్ దిస్ విల్ వర్క్ ఆన్ ది ఓల్డ్ సర్వర్.’ తమ భాషలో తమకు తెలిసిన అర్థంతోనే మాట వినిపిస్తుంది కాబట్టి వాళ్లు ఆగి ‘వై?’ అని అడుగుతారు.

మొదటి కొన్ని రోజులు నోటికి పాత మాటే వస్తుంది. వచ్చిందనుకోండి, సారీ చెప్పకండి, ఆగిపోకండి. వెంటనే అడగాల్సింది అడిగేయండి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్, వాట్ టైమ్ డజ్ ది జాబ్ రన్?’ అని ప్రశ్న కూడా వెంటే వచ్చేసిందంటే వినేవాళ్లకు మీరు ఏం అడుగుతున్నారో తెలిసిపోతుంది. అపార్థం పుట్టేది ‘డౌట్’ అని ఆగిపోయినప్పుడే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం ‘అడగడమే మానేశాను’. మిగతాదంతా దిద్దుకోగలిగిన ఇంగ్లీషు. ఇది అలా కాదు. సపోర్ట్ టీమ్‌లో అడగని మనిషి ఊహించి పనిచేయాల్సి వస్తుంది, ఊహించి చేసిన పని ఎప్పుడో ఒకప్పుడు మెడకు చుట్టుకుంటుంది. మీ బ్యాకప్ సంగతే చూడండి. లాగ్స్ చూసి తేడా పట్టుకున్న కన్ను మీది. అలాంటి కన్నున్న మనిషి ఒకరి నవ్వుకు భయపడి నోరు కట్టేసుకుంటే నష్టం మీ ఒక్కరిదే కాదు, మీ టీమ్‌ది కూడా.

గీతలో నాలుగో అధ్యాయం చూడండి. ముప్ఫై నాలుగో శ్లోకంలో జ్ఞానం సంపాదించడానికి చెప్పిన దారుల్లో ‘పరిప్రశ్న’ ఒకటి, అంటే మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకోవడం. అదే అధ్యాయం నలభయ్యో శ్లోకంలో కృష్ణుడు ‘సంశయాత్మా వినశ్యతి’ అన్నాడు, అంటే సంశయంలోనే ఉండిపోయేవాడు చెడిపోతాడని. అడగమన్నదీ, సంశయంలో ఉండిపోవద్దన్నదీ ఒకే నోరు. మీరు కాల్‌లో చేసేది మొదటిది. దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే, మానకండి.

ఆ నవ్వే సహోద్యోగి సంగతి. అతను చెప్పిన విషయంలో సగం నిజముంది, చెప్పే తీరే బాగాలేదు. అందరి ముందూ తిరిగి సమాధానం చెప్పాలని చూడకండి. టీ తాగేటప్పుడో, కాల్ అయ్యాకో విడిగా చెప్పండి: ‘తప్పు ఉంటే తర్వాత మెసేజ్ పెట్టండి, దిద్దుకుంటాను. కాల్ మధ్యలో ఆపితే నేను అడగాల్సింది మర్చిపోతున్నాను.’ ఇందులో గొడవ లేదు, పని మాటే ఉంది. మామూలు మనిషైతే ఇంతటితో సర్దుకుంటాడు. అప్పటికీ మారకపోతే లీడ్‌కి చెప్పండి. జూనియర్లు కాల్‌లో నోరు మెదపకపోవడం లీడ్‌కి పట్టాల్సిన విషయమే.

‘ఇక ఏ మాట నమ్మాలి’ అన్నారు. మాటల్ని నమ్మడం మానక్కర్లేదు. తెలుగులోకి వచ్చి స్థిరపడిన ఇంగ్లీషు మాటల్లో ఎక్కువ భాగం అర్థం మార్చుకోకుండానే ఉన్నాయి. బస్సు, టికెట్టు, డాక్టరు మిమ్మల్ని ఎక్కడా ఇరికించవు. మనసు సంగతులు చెప్పే మాటల దగ్గరే కాస్త చూసుకోవాలి. ‘టెన్షన్’ అలాంటిదే. మనకు అది దిగులు, కంగారు, ఆత్రుత అన్నీ. ఇంగ్లీషువాళ్లు అలాంటిచోట ఎక్కువగా ‘యామ్ స్ట్రెస్డ్’ అనో ‘యామ్ వరీడ్’ అనో అంటారు. ‘ఫీల్ అవడం’ ఇంకొకటి. ‘ఆమె ఫీలైంది’ అంటే మనకు నొచ్చుకుందని. ఇంగ్లీషులో ‘షి ఫెల్ట్’ అని ఆపితే వాక్యమే పూర్తి కాదు, ఏం ఫీలైందని ఎదురుచూస్తారు. ఇలాంటివి ఎన్నో లేవు. ఎదురైనప్పుడు ఒక్కొక్కటే నేర్చుకుంటే సరిపోతుంది.

మీ తమ్ముడిని ఏమీ అనకండి. ఇంటర్‌లో వాడికి కావాల్సింది లెక్క అర్థం కావడం. డౌట్ల సార్ దగ్గరికి వెళ్లి ‘సార్, డౌట్’ అంటే ఆయన చెబుతారు, అక్కడికి ఆ మాట పని అయిపోయింది. ఇంగ్లీషు పేపర్లో మాత్రం ‘సస్పెక్ట్’, ‘డౌట్’ రెండూ వస్తాయి. కాబట్టి ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు ఆ వాన వాక్యం ఒకసారి వాడితో చెప్పించండి. ‘ఐ సస్పెక్ట్ ఇట్ విల్ రెయిన్’ అంటే గొడుగు తీసుకెళ్లాలా, ‘ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్’ అంటే తీసుకెళ్లాలా అని అడగండి. సరిగ్గా చెప్పాడంటే ఇంటర్వ్యూలకి వెళ్లే వయసు వచ్చేదాకా ఈ మాట గురించి వాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.